అమెరికా పోలీసుల చేతిలో చనిపోయిన నల్లజాతి ఆడవాళ్ళ కేసుల్ని మర్చిపోకుండా ఫాలో అవ్వడం ఎలా

అమెరికాలో పోలీసులు నల్లజాతివాళ్ళని చంపడం గురించి మాటొస్తే మనవాళ్ళలో చాలామందికి జార్జ్ ఫ్లాయిడ్ పేరు వెంటనే వస్తుంది, వార్తలు కాస్త ఎక్కువ చూసేవాళ్ళైతే ఎరిక్ గార్నర్, మైకేల్ బ్రౌన్, తమీర్ రైస్ అని కూడా అంటారు. ఇప్పుడు ఆడవాళ్ళ పేర్లు చెప్పమనండి, బ్రియానా టేలర్ దగ్గర బండి ఆగిపోద్ది. మనకే కాదు, అమెరికాలో పుట్టి పెరిగినవాళ్ళకీ ఇదే పరిస్థితి. కింబర్లే క్రెన్‌షా అని లా ప్రొఫెసర్, 2016లో ఒక ప్రసంగంలో హాల్లో అందర్నీ నిలబడమని చెప్పి, తెలియని పేరు వినపడగానే కూర్చోండి అంది. మగవాళ్ళ పేర్లు చదివినంతసేపూ చాలామంది నిలబడే ఉన్నారు, మిషెల్ కుస్సో, తనీషా ఆండర్సన్, ఆరా రాసర్, మేగన్ హాకడే అని చదివేసరికి దాదాపు హాలంతా కూర్చుండిపోయింది. అవన్నీ ఏవో పాత కేసులు కాదు, అప్పటికి రెండేళ్ళ చుట్టుపక్కలవే.

ఈ గైడ్ ఎవరికంటే, అమెరికాలో ఉంటూ ఇలాంటి వార్త చూసి "అయ్యో" అనుకుని వారం తర్వాత ఏమైందో తెలియక ఊరుకునేవాళ్ళకి, ఇక్కడ ఇంట్లో కూర్చుని వీటి గురించి రాద్దాం అనుకునే జర్నలిజం స్టూడెంట్స్‌కి. ఈ కేసుల గురించి సమాచారం దొరక్క కాదు, చాలా ఉంది, కానీ ఎక్కడ చూడాలో, ముఖ్యంగా ఎంతకాలం చూస్తూ ఉండాలో ఎవరూ చెప్పరు.

మొదటి రోజు వార్త

మొదటి రోజు మీరు చదివేది దాదాపు ఎప్పుడూ పోలీసుల కథే. ఆ రాత్రి రిపోర్టర్ ఫోన్ ఎత్తేది పోలీస్ డిపార్ట్‌మెంటే కదా, చనిపోయినావిడ అమ్మ ఇంకా హాస్పిటల్ చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఊరికే అనట్లేదు, బ్రియానా టేలర్ వాళ్ళమ్మ టమీకా పామర్‌కి నిజంగా అదే జరిగింది, హాస్పిటల్‌కి వెళ్ళమన్నారు, అక్కడికెళ్ళి గంటల తరబడి చూస్తే అలాంటి పేషెంటే రాలేదన్నారు, వెనక్కి వస్తే కూతురు ఇంకా అపార్ట్‌మెంట్‌లోనే ఉంది.

కాబట్టి ఆర్టికల్‌లో ప్రతి వాక్యం దగ్గరా ఆగి ఇది ఎవరు చెప్పారు అని చూడండి. బ్రియానా 26 ఏళ్ళ అమ్మాయి, లూయీవిల్‌లో మెడికల్ టెక్నీషియన్, 2020 మార్చి 13 అర్ధరాత్రి దాటాక పోలీసులు డ్రగ్స్ కేసు వారంట్‌తో తలుపు బద్దలుకొట్టి లోపలికి వచ్చారు. ఆ విచారణ అసలు ఆమె పాత బాయ్‌ఫ్రెండ్ గురించి. లోపల ఉన్న ఆమె అప్పటి బాయ్‌ఫ్రెండ్ కెనెత్ వాకర్ దొంగలు పడ్డారనుకుని ఒక రౌండ్ కాల్చాడు, అది ఒక ఆఫీసర్ కాలికి తగిలింది, పోలీసులు 32 రౌండ్లు కాల్చారు. మొదట్లో వార్త ఎలా వచ్చిందో తెలుసా, డ్యూటీలో ఉన్న ఆఫీసర్‌కి గాయం, ఒక అనుమానితురాలి మృతి అన్న ధోరణిలో. జూన్‌లో ఆ రాత్రి ఇన్సిడెంట్ రిపోర్ట్ బయటికి వస్తే అది దాదాపు ఖాళీ కాగితం, గాయాలు అన్నచోట "ఏమీ లేవు" అని ఉంది. మనిషి చనిపోయింది, గాయాలు ఏమీ లేవంట.

సోన్యా మస్సీ కేసు కూడా చూడండి. ఇల్లినాయ్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ పక్కన, 2024 జూలై 6 తెల్లవారకముందు, ఇంటి చుట్టూ ఎవరో తిరుగుతున్నారని 911 ఎమర్జెన్సీ నంబర్‌కి ఆవిడే ఫోన్ చేసింది. వచ్చిన ఇద్దరు డెప్యూటీల్లో, అంటే కౌంటీ పోలీసుల్లో, షాన్ గ్రేసన్ అనేవాడు ఆవిడ వంటగదిలోనే తలలో కాల్చాడు, పొయ్యి మీదున్న నీళ్ళ గిన్నె తియ్యమని చెప్పి మరీ. అసలు ఏం జరిగిందో మొదట తమకి సరిగ్గా చెప్పలేదని కుటుంబం తర్వాత మీడియాకి చెప్పింది. జూలై 22న బాడీ క్యామ్ (పోలీసుల ఒంటి మీదుండే కెమెరా) వీడియో విడుదలయ్యాకే జనానికి సంగతి అర్థమైంది, అదీ రెండో డెప్యూటీ కెమెరా మొదట్నుంచీ ఆన్‌లో ఉండబట్టి, గ్రేసన్ తన కెమెరా మొదట్నుంచీ ఆన్ చెయ్యలేదు.

మీరు చెయ్యాల్సిందల్లా ఒకటే. మొదటి రోజు ఆర్టికల్‌ని, పోలీసు ప్రెస్ నోట్‌ని అప్పుడే సేవ్ చేసి పెట్టుకోండి, స్క్రీన్‌షాట్ అయినా పర్లేదు, పాత వెబ్ పేజీల్ని దాచే వేబ్యాక్ మెషిన్ సైట్‌లో పెడితే ఇంకా మంచిది. వెబ్ పేజీలు తర్వాత మారిపోతాయి, మొదట ఏమన్నారో మీ దగ్గర ఉంటేనే ఆరు నెలల తర్వాత పక్కన పెట్టి పోల్చగలరు.

పోలీసుల్ని ఎవరు పిలిచారు, ఎందుకు

నన్నడిగితే ఈ కేసులన్నిట్లో అసలు చూడాల్సింది ఇది. పోలీసు హింస అంటే మన బుర్రలో ఒక బొమ్మ పడిపోయింది, రోడ్డు, కారు ఆపడం, ఒక మగమనిషి, చుట్టూ ఫోన్లలో వీడియో తీసే జనం. ఆడవాళ్ళ కేసుల్లో చాలా వాటికి ఈ బొమ్మ సరిపోదు, అవి ఇంట్లో జరుగుతాయి, తలుపు వెనకాల, సాక్షులుంటే పిల్లలు ఉంటారు. చాలాసార్లు ఫోన్ చేసింది వాళ్ళే, లేదా వాళ్ళ బాగు కోరి ఇంట్లోవాళ్ళో పక్కింటివాళ్ళో.

ఎలినార్ బంపర్స్, న్యూయార్క్ బ్రాంక్స్‌లో గవర్నమెంట్ ఇంట్లో ఉండే 66 ఏళ్ళ పెద్దావిడ, కొన్ని నెలల అద్దె బాకీ. ఖాళీ చేయించడానికి 1984 అక్టోబరు 29న పోలీసులొచ్చారు, ఆవిడ చేతిలో కత్తి ఉందని షాట్‌గన్‌తో రెండుసార్లు కాల్చారు, కాల్చిన ఆఫీసర్ 1987లో నిర్దోషిగా బయటికొచ్చాడు. తనీషా ఆండర్సన్ 37 ఏళ్ళు, క్లీవ్‌లాండ్, 2014 నవంబరు 13, మానసిక సమస్యతో ఇబ్బంది పడుతుంటే ఇంట్లోవాళ్ళే సాయం కోసం ఫోన్ చేశారు, హాస్పిటల్‌కి తీసుకెళ్తామని వచ్చిన పోలీసులు ఇంటి ముందే నేలమీద బోర్లా పడేసి పట్టుకున్నారు, ఆవిడ మళ్ళీ లేవలేదు. ఫీనిక్స్‌లో మిషెల్ కుస్సో 50 ఏళ్ళు, ఆవిడ్ని మానసిక వైద్యానికి తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళే కాల్చారు, వాళ్ళమ్మ కూతురి శవపేటికని సిటీ హాల్ దాకా ఊరేగింపుగా తీసుకెళ్ళింది. ఫోర్ట్ వర్త్‌లో అటాటియానా జెఫర్సన్ ఇంటి తలుపు రాత్రి తెరిచి ఉందని పక్కింటాయన ఎమర్జెన్సీ కాని నంబర్‌కి ఫోన్ చేశాడు, బాగానే ఉన్నారా చూడండి అని అంతే. పోలీసు అని కూడా చెప్పకుండా వెనకపెరట్లోంచి కిటికీలో నుంచి కాల్చారు, అప్పటిదాకా ఆమె 8 ఏళ్ళ మేనల్లుడితో వీడియో గేమ్ ఆడుకుంటోంది. 2019 అక్టోబరు 12. ఆ ఆఫీసర్‌కి 2022 డిసెంబర్‌లో దాదాపు 12 ఏళ్ళ శిక్ష పడింది, ఇలాంటి కేసుల్లో అది అరుదు.

అందుకని వార్త చదివినప్పుడు నోట్ చేసుకోండి: కాల్ ఎవరు చేశారు, కాల్‌లో ఏమని చెప్పారు, వచ్చినవాళ్ళు ఎంతసేపట్లో కాల్చారు, మానసిక సమస్య ఉందని పోలీసులకి ముందే తెలుసా, పిల్లలు ఇంట్లో ఉన్నారా. 911 కాల్ ఆడియో చాలా రాష్ట్రాల్లో పబ్లిక్ రికార్డ్ కింద అడిగితే వస్తుంది, లోకల్ రిపోర్టర్లు ఎలాగూ అడుగుతారు, మీరూ అడగొచ్చు. అన్నిసార్లూ ఇవ్వరులెండి. షికాగోలో ఆంజనెట్ యంగ్ అనే సోషల్ వర్కర్ తన ఇంటి మీద జరిగిన పోలీసు రెయిడ్ వీడియో తనకే ఇవ్వమని అడిగితే కూడా ఇవ్వలేదు.

లెక్కల్లో ఎవరున్నారు, ఎవరు లేరు

చాలామంది "డేటా చూద్దాం" అని వెళ్ళి ఇక్కడ బోల్తా పడతారు. వాషింగ్టన్ పోస్ట్ 2015 నుంచి 2024 దాకా నడిపిన డేటాబేస్ చాలా పేరున్నది, కానీ అందులో ఉన్నది డ్యూటీలో ఉన్న పోలీసులు తుపాకీతో కాల్చి చంపిన కేసులు మాత్రమే. మెడ మీద మోకాలితో చంపిన జార్జ్ ఫ్లాయిడే అందులో రాడు, ఇంక మిగతావాళ్ళ సంగతి చెప్పేదేముంది. ఊపిరాడక పోయినవాళ్ళు ఉండరు, జైల్లో పోయినవాళ్ళు ఉండరు. సాండ్రా బ్లాండ్ ఉండదు. లేన్ మారుతూ ఇండికేటర్ వెయ్యలేదని 2015 జూలై 10న టెక్సస్‌లో ఒక ట్రూపర్ (రాష్ట్ర పోలీసు) ఆపాడు, కొత్త ఉద్యోగం కోసం వచ్చిన 28 ఏళ్ళ అమ్మాయి, సిగరెట్ ఆర్పెయ్యమనే దగ్గర మొదలైన మాట అరెస్ట్ దాకా వెళ్ళింది, మూడు రోజుల తర్వాత వాలర్ కౌంటీ జైలు గదిలో చనిపోయి ఉంది, ఆత్మహత్య అన్నారు. బయటికి రావాలంటే కట్టాల్సింది 500 డాలర్లు.

డ్యూటీలో లేని పోలీసులు చంపినవాళ్ళూ ఆ రకం లెక్కలో రారు, షికాగోలో 2012లో రెకియా బాయ్డ్‌ని చంపింది అలాంటివాడే. మ్యాపింగ్ పోలీస్ వయలెన్స్ అనే డేటాబేస్ కాల్పులు కానివి కూడా లెక్కేస్తుంది, అందుకని రెండూ పక్కన పెట్టుకుని చూడండి, ఏ అంకె చెప్పినా అది దేని లెక్కో కూడా చెప్పండి.

ఇంకోటి, "చనిపోయేది ఎక్కువ మగవాళ్ళే కదా" అని ఎవరో ఒకరు అంటారు. నిజమే, కాదనక్కర్లేదు. 2019లో వచ్చిన ఒక పెద్ద స్టడీ ప్రకారం తెల్లజాతి మగవాళ్ళతో పోలిస్తే నల్లజాతి మగవాళ్ళు పోలీసుల చేతిలో చనిపోయే అవకాశం దాదాపు 2.5 రెట్లు, తెల్లజాతి ఆడవాళ్ళతో పోలిస్తే నల్లజాతి ఆడవాళ్ళకి దాదాపు 1.4 రెట్లు. కానీ మొత్తం సంఖ్య తక్కువ అని చెప్పి పేరే లేకుండా పోవడం ఏంటి, తక్కువ ఉంటే ఇంకా బాగా గుర్తుండాలి లెక్కకి.

రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడండి

ఇది ఒక ఎక్సర్‌సైజు, క్లాసులో చేయించొచ్చు, నలుగురు ఫ్రెండ్స్ కూర్చుని కూడా చేయొచ్చు. ఒకే ఊళ్ళోనో ఒకే వారంలోనో జరిగిన ఒక మగమనిషి కేసు, ఒక ఆడమనిషి కేసు తీసుకోండి, రెండిటికీ మొదటి నెల వార్తలు వెతకండి. క్లీవ్‌లాండ్‌లో తనీషా చనిపోయిన తొమ్మిది రోజులకి, అంటే నవంబరు 22న, అదే ఊరి పోలీసులు 12 ఏళ్ళ తమీర్ రైస్‌ని కాల్చారు. తమీర్ పేరు ప్రపంచమంతా తెలిసింది, తెలియాలి కూడా, చిన్నపిల్లాడు. తనీషా పేరు పెద్దగా క్లీవ్‌లాండ్ దాటలేదు. తేడా ఎక్కడొచ్చిందో వెతికితే మొదట తగిలేది వీడియో, తమీర్‌ది కెమెరాకి చిక్కింది, తనీషాది చిక్కలేదు.

కానీ మొత్తం వీడియో మీద తోసెయ్యకండి. డెట్రాయిట్‌లో 2010 మే 16న అయానా స్టాన్లీ జోన్స్ అనే 7 ఏళ్ళ పాప సోఫాలో పడుకుని ఉంటే రెయిడ్‌లో పోలీసు తుపాకీ గుండు తగిలి చనిపోయింది, అప్పుడు పోలీసులతోపాటు ఒక టీవీ షో కెమెరా టీమ్ కూడా ఉంది. రెండుసార్లు విచారణ జరిగి రెండుసార్లూ జ్యూరీ ఒక మాట మీదకి రాలేదు, 2015 జనవరిలో కేసు ఎత్తేశారు. కెమెరా ఉన్నా ఎంతమందికి తెలుసు ఈ పేరు?

ఇంకో జత: 2015 ఏప్రిల్ 19న బాల్టిమోర్‌లో పోలీసుల అదుపులో గాయపడ్డ ఫ్రెడ్డీ గ్రే చనిపోయాడు, తెల్లారి 20న షికాగోలో రెకియా బాయ్డ్‌ని చంపిన డాంటే సర్విన్‌ని జడ్జి వదిలేశాడు. ఎందుకు వదిలేశాడో వింటే తల తిరుగుద్ది. ప్రాసిక్యూషన్ పెట్టిన చార్జి నిర్లక్ష్యంగా చంపాడు అని, జడ్జి ఏమన్నాడంటే గుంపు వైపు తుపాకీ పెట్టి కాల్చడం నిర్లక్ష్యం కాదు, అది కావాలని చేసిన పని, కాబట్టి ఈ చార్జి నిలబడదు అని. అంటే చిన్న నేరం పెట్టారు, చేసింది పెద్ద నేరం, అందుకని అసలు శిక్షే లేదు! ఆ వారం దేశం చూపంతా బాల్టిమోర్ మీదే ఉంది.

క్రెన్‌షా వాళ్ళ సంస్థ ఆఫ్రికన్ అమెరికన్ పాలసీ ఫోరమ్ 2014 డిసెంబర్‌లో సే హర్ నేమ్ (ఆమె పేరు చెప్పండి) అనే ఉద్యమం మొదలుపెట్టింది ఇలాంటివి చూసే. 2015 మే 20న న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో కుటుంబాలతో సభ పెట్టారు, అదే నెలలో రిపోర్ట్ కూడా తెచ్చారు. మీరు ఏ కేసు మీద మొదలుపెట్టినా ముందు ఆ రిపోర్ట్ ఒకసారి చదవండి, దారి దొరుకుద్ది.

కేసుని ఎన్నేళ్ళు వెంబడించాలి

ఇక్కడే చాలామంది వదిలేస్తారు, అందుకే ఇది కాస్త ఎక్కువ చెప్తా. అమెరికాలో ఇలాంటి ఒక చావు నాలుగు దారుల్లో నడుస్తుంది. ఒకటి క్రిమినల్ కేసు, కౌంటీ ప్రాసిక్యూటరో స్టేట్ అటార్నీ జనరలో పెట్టేది, లేదా ఫెడరల్ ప్రభుత్వం పౌరహక్కుల చట్టం కింద పెట్టేది. రెండోది కుటుంబం వేసే సివిల్ దావా, దాంట్లో సెటిల్‌మెంట్ డబ్బులు వస్తాయి. మూడోది డిపార్ట్‌మెంట్ లోపలి విచారణ, ఉద్యోగం పోతుందా లేదా అన్నది. నాలుగోది చట్టం మార్పు. ఒక దారిలో తలుపు మూసుకున్నా ఇంకోటి తెరిచే ఉండొచ్చు, "కేసు కొట్టేశారంట" అని వాట్సాప్‌లో వస్తే ఏ కేసు, ఏ దారి అని అడగండి.

బ్రియానా కేసు తీసుకుంటే మొత్తం అర్థమవుద్ది. మార్చిలో చనిపోతే దేశం మొత్తానికి పేరు తెలిసేసరికి మే నెల మధ్యకొచ్చింది, అదీ కుటుంబం ఏప్రిల్ చివర్లో దావా వేశాక. జూన్ 11న లూయీవిల్ కౌన్సిల్ చెప్పకుండా తలుపు పగలగొట్టే నో నాక్ వారంట్లని నిషేధించింది. సెప్టెంబరులో సిటీ 1.2 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ ఇచ్చింది. అదే నెల 23న చార్జి పెట్టాలా వద్దా తేల్చే గ్రాండ్ జ్యూరీ, ఆ రాత్రి కాల్చినవాళ్ళలో ఒక్క బ్రెట్ హాంకిసన్ అనే ఆఫీసర్ మీద చార్జి పెట్టింది, అదీ బ్రియానాని చంపినందుకు కాదు, గుళ్ళు పక్క అపార్ట్‌మెంట్‌లోకి పోయి వాళ్ళకి ప్రమాదం తెచ్చినందుకు. గోడకి తగిలిన గుండుకి కేసు ఉంది, మనిషికి తగిలినదానికి లేదు. దానిలో 2022 మార్చిలో నిర్దోషి అయ్యాడు. అందరూ అయిపోయింది అనుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో ఫెడరల్ ప్రభుత్వం నలుగురు పోలీసుల మీద కేసు పెట్టింది, వారంట్ తీసుకోవడానికి అబద్ధాలు రాశారని కూడా, వాళ్ళలో కెల్లీ గుడ్‌లెట్ నేరం ఒప్పుకుంది. హాంకిసన్ ఫెడరల్ కేసు 2023లో జ్యూరీ తేల్చలేక ఆగి, 2024 నవంబరులో దోషిగా తేలి, 2025 జూలైలో 33 నెలల శిక్ష పడింది. అప్పటికి ప్రభుత్వం మారింది, అదే న్యాయశాఖ ఒక్క రోజు శిక్ష చాలని జడ్జిని అడిగింది! లూయీవిల్ పోలీసుల్ని సరిచేయడానికి 2024 డిసెంబరులో కుదిరిన ఒప్పందాన్ని కూడా 2025 మేలో వదిలేసుకుంది. ఐదేళ్ళు దాటింది చూడండి, మీరు 2020 సెప్టెంబరులో ఆపేసి ఉంటే కథలో సగం కూడా తెలిసేది కాదు.

ఎలా వెంబడించాలంటే, ఆమె పేరుతో, ఆఫీసర్ పేరుతో విడివిడిగా గూగుల్ అలర్ట్ పెట్టుకోండి, ఎందుకంటే రెండేళ్ళ తర్వాత వార్తలు ఎక్కువ ఆఫీసర్ పేరు మీదే వస్తాయి. నేషనల్ చానల్స్‌ని నమ్ముకోకండి, ఆ ఊరి పేపర్ పట్టుకోండి, లూయీవిల్‌కి కొరియర్ జర్నల్, సియాటిల్‌కి సియాటిల్ టైమ్స్, ఇలా. ఫెడరల్ కేసు అయితే పేసర్ అనే సైట్‌లో కోర్టు కాగితాలు ఉంటాయి, పేజీకి 10 సెంట్లు, మూడు నెలల్లో 30 డాలర్ల లోపైతే అసలు బిల్లే రాదు, కోర్ట్‌లిజనర్ అనే సైట్‌లో కొన్ని ఫ్రీగా కూడా దొరుకుతాయి. ఫోన్ క్యాలెండర్‌లో విచారణ తేదీలు, వర్ధంతి తేదీ వేసుకోండి, వర్ధంతికి కుటుంబాలు మాట్లాడతాయి, కొత్త సంగతులు ఆ రోజే బయటికొస్తాయి.

సెటిల్‌మెంట్ వచ్చిందంటే తప్పు ఒప్పుకున్నారని కాదు, చాలా ఒప్పందాల్లో తప్పు ఒప్పుకోవట్లేదని రాసుకుంటారు, డబ్బు కూడా ఆఫీసర్ జేబులోంచి పోదు, ఎక్కువగా ఊరి ఖజానా నుంచో ఇన్సూరెన్స్ నుంచో పోద్ది. సోన్యా మస్సీ కుటుంబానికి 2025 ఫిబ్రవరిలో కోటి డాలర్లు వచ్చాయి, గ్రేసన్‌ని అక్టోబరులో సెకండ్ డిగ్రీ మర్డర్‌లో దోషి అన్నారు, మధ్యలో ఆగస్టులో ఇల్లినాయ్‌లో కొత్త చట్టం వచ్చింది, పోలీసుని ఉద్యోగంలోకి తీసుకునే ముందు పాత ఉద్యోగాల రికార్డులన్నీ చూడాలని. గ్రేసన్ నాలుగేళ్ళలో ఆరు పోలీసు ఏజెన్సీలు మారినవాడు మరి.

చనిపోనివాళ్ళు

చావుల లెక్క మాత్రమే చూస్తే ఆడవాళ్ళ మీద జరిగేదాంట్లో పెద్ద భాగం కనపడదు. ఓక్లహోమా సిటీలో డేనియల్ హోల్ట్స్‌క్లా అనే పోలీసు మీద 13 మంది నల్లజాతి ఆడవాళ్ళు కోర్టులో లైంగిక హింస గురించి సాక్ష్యం చెప్పారు. పాత కేసులున్నవాళ్ళని, డ్రగ్స్ అలవాటు ఉన్నవాళ్ళని ఏరుకున్నాడు, ఎవరు నమ్ముతారులే అని. 57 ఏళ్ళ ఒకావిడని 2014 జూన్‌లో ఆపి తప్పు చేశాడు, ఆవిడ మీద ఏ కేసూ లేదు, నేరుగా వెళ్ళి కంప్లైంట్ ఇచ్చింది, అక్కడ్నుంచి తీగ లాగితే డొంకంతా కదిలింది. 2015 డిసెంబర్‌లో 18 నేరాల్లో దోషి, 263 ఏళ్ళ శిక్ష. జ్యూరీలో ఒక్క నల్లజాతి మనిషి లేరు, విచారణ జరిగినన్ని రోజులూ దేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

పైన చెప్పిన ఆంజనెట్ యంగ్ కూడా. 2019 ఫిబ్రవరిలో తప్పు అడ్రసు వారంట్‌తో వచ్చి, బట్టలు మార్చుకుంటున్న ఆవిడకి ఒంటి మీద బట్టల్లేకుండానే సంకెళ్ళు వేశారు, మీరు తప్పు ఇంటికొచ్చారు అని 43 సార్లు చెప్పింది. 2020 డిసెంబర్‌లో టీవీ చానల్ ఆ వీడియో వెయ్యబోతే ఆపమని సిటీ లాయర్లు కోర్టుకెళ్ళారు. మీ జాబితాలో ఇలాంటివాళ్ళకి కూడా చోటు పెట్టండి. ఆమె వీడియో మాత్రం వెతికి ఫార్వర్డ్ చెయ్యకండి, జరిగింది మాటల్లో చెప్తే చాలు.

మనవాళ్ళకి ఎలా చెప్పాలి

తెలుగు గ్రూపుల్లో ఇలాంటిది పెడితే వచ్చే మొదటి కామెంట్ నాకు నోటికొచ్చు: "ఏం చేసిందో ఏమో, నిప్పు లేందే పొగ రాదు." వాదన పెట్టుకోకండి, ఏం చేసిందో చెప్పండి అంతే. 911కి ఫోన్ చేసింది. నిద్రపోతోంది. మేనల్లుడితో ఆడుకుంటోంది. ఇండికేటర్ వెయ్యలేదు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనరు, కనీసం ఆ థ్రెడ్‌లో.

మనకి దీంతో సంబంధం ఏంటి అనేవాళ్ళకి సియాటిల్ చెప్పండి. 2023 జనవరి 23న ఆదోని అమ్మాయి జాహ్నవి కందుల రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చనిపోయింది, 25 మైళ్ళ లిమిట్ ఉన్నచోట 74 మైళ్ళ స్పీడు. ఇంకో ఆఫీసర్ ఫోన్‌లో నవ్వుతూ 11 వేల డాలర్ల చెక్కు రాసేస్తే సరిపోద్ది, ఆమె విలువ అంతే అన్నట్టు మాట్లాడింది సెప్టెంబరులో బయటికొచ్చింది, మన రెండు రాష్ట్రాల్లో ఎంత కోపమొచ్చిందో గుర్తుండే ఉంటుంది. గుద్దినతని మీద క్రిమినల్ కేసు పెట్టలేదు, ఫైన్ వేశారు. ఇదే సియాటిల్ పోలీసులు 2017 జూన్ 18న చార్లీనా లైల్స్ అనే 30 ఏళ్ళ గర్భిణిని, దొంగతనం జరిగిందని ఆవిడే పిలిస్తే వచ్చి, పిల్లలు ఇంట్లో ఉండగానే ఏడు రౌండ్లు కాల్చారు. కత్తి తీసిందన్నారు. టేజర్ (కరెంట్ షాక్ ఇచ్చే పరికరం) మోయాల్సిన ఆఫీసర్ దాన్ని బ్యాటరీ అయిపోయిందని లాకర్లో వదిలేసి వచ్చాడు, దానికి రెండు రోజుల సస్పెన్షన్. జాహ్నవిది యాక్సిడెంట్, చార్లీనాది కాల్పులు, రెండూ ఒకటి అనకండి, అనాల్సిన అవసరం కూడా లేదు. కానీ జాహ్నవి కోసం జనం సియాటిల్ వీధుల్లోకి వచ్చినప్పుడు, పోలీసుల్ని ఎలా నిలదీయాలో ఆ ఊరికి అప్పటికే తెలుసంటే, చార్లీనా కుటుంబంలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగారు కాబట్టే.

చిన్న మీటింగ్ పెట్టాలనుకుంటే క్రెన్‌షా చేయించిన నిలబడే పద్ధతే బాగుంటుంది, పావుగంట చాలు. పేర్లు సరిగ్గా పలకడం ముందే నేర్చుకోండి, మన పేర్లు ఖూనీ చేస్తే మనకెంత ఒళ్ళు మండుద్దో తెలుసు కదా. ఫోటో పెడితే కుటుంబం వాడే ఫోటో పెట్టండి, పోలీసు రికార్డు ఫోటో వద్దు. సిటీ కౌన్సిల్ మీటింగుల్లో పబ్లిక్ కామెంట్‌కి సిటిజన్ అవ్వాల్సిన పనిలేదు, రెండు మూడు నిమిషాలు ఇస్తారు, రాసుకుని వెళ్ళండి. ఎఫ్‌వన్, హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్ళు ఊరేగింపుల్లో నడవచ్చు, కానీ అరెస్ట్ అయితే చార్జి కొట్టేసినా వీసాకి చిక్కు రావొచ్చు, పోలీసులు చెదిరిపొమ్మన్నప్పుడు చెదిరిపోండి, ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక మాట మాట్లాడుకోండి.

మీరే ఫోన్ చేయాల్సొస్తే

సబర్బుల్లో ఉండే మనవాళ్ళు కొత్త మనిషి కనపడగానే 911 నొక్కేస్తున్నారు, కమ్యూనిటీ యాప్‌లో "అనుమానాస్పదంగా ఒకావిడ" అని పోస్ట్ కూడా పెడుతున్నారు. అటాటియానా పక్కింటాయన ఎంత మంచి మనసుతో ఫోన్ చేశాడో చూశాం. తలుపు తెరిచి ఉంటే ముందు మీరే ఫోన్ చెయ్యండి, దూరం నుంచి పిలవండి. మానసిక ఇబ్బందిలో ఉన్న మనిషి అయితే, ఎవరి ప్రాణానికీ అప్పటికప్పుడు ప్రమాదం లేకపోతే మానసిక సంక్షోభాల హెల్ప్‌లైన్ 988కి చెయ్యండి, 2022 జూలై నుంచి దేశమంతా పని చేస్తోంది. కొన్ని ఊళ్ళలో తుపాకులు లేని టీములు కూడా ఉన్నాయి, డెన్వర్‌లో స్టార్ అని 2020 నుంచి నడుస్తోంది, మీ ఊళ్ళో ఉందో లేదో ఇప్పుడే వెతికి నంబర్ ఫ్రిజ్ మీద అంటించుకోండి. 911కే చేయాల్సొస్తే కనపడిందే చెప్పండి, ఊహించింది వద్దు. ఆయుధం లేకపోతే లేదని, ఇంట్లో పిల్లలుంటే ఉన్నారని, ఆవిడ పేరు తెలిస్తే ఆ పేరు కూడా చెప్పండి.